మొదటి నట్టు చేత్తో

నేను లారీ చక్రాలు విప్పుతానని చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నవ్వనీ. నాలుగేళ్ల కిందట నన్నడిగినా నేనూ నవ్వేదాన్నే. అప్పటిదాకా నా పని పక్క ఊళ్లో టమాటాలు, బంతిపూలు తెంపడం. మా రేకుల షెడ్డు చేవెళ్లకు ఇవతల వికారాబాద్ రోడ్డు మీద ఉంది. అందులో టైర్ల పని నా భర్తది, అన్నం గిన్నె తెచ్చి పెట్టడం నాది.

ఒకరోజు తుప్పుతో బిగుసుకుపోయిన నట్టుకు పానా తగిలించి, దానికి పొడుగు పైపు తొడిగి, ఆ పైపు మీదకెక్కి తొక్కుతున్నప్పుడు ఆయన నడుము పట్టేసింది. పట్టేసిన నడుము మళ్లీ వదల్లేదు. ఇక బరువులు ఎత్తొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. షాపు మూసేద్దామన్నాడు. నేనే ఒప్పుకోలేదు. షెడ్డు మూస్తే ఆయన మంచం మీద పడుకుని నా మీద అరవడం తప్ప చేసేదేమీ ఉండదని నాకు తెలుసు. నాకు ముక్కు మీదే కోపం, ఆయనకూ అంతే. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే ఇల్లు నిలవదు.

అందుకని కరెంటుతో నడిచే గన్ను కొన్నాం. దాని మూతిని నట్టుకు పెట్టి మీట నొక్కితే లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమని కొట్టి నట్టును తిప్పేస్తుంది. ఆయన అరగంట చెమటోడ్చి విప్పే చక్రం నట్లను, ఆయన బీడీ ముట్టించుకునేలోపు విప్పేస్తుంది. బరువు మాత్రం చెప్పొద్దు. మొదటి నెల సాయంత్రాలు అన్నం ముద్ద నోటిదాకా తేవాలంటే చెయ్యి వణికేది. ఆ వణుకు చూసి ఆయన మొహం తిప్పుకునేవాడు. తన పని పెళ్లాం చేస్తోందన్న బాధో, పెళ్లాం బాధపడుతోందన్న బాధో, నేను అడగలేదు.

గన్ను వచ్చాక కూడా ఆయన ఒక పద్ధతి వదలనివ్వలేదు. ఏ చక్రానికైనా మొదటి నట్టు చేత్తోనే, పానాతోనే కదపాలి. అది కదిలాకే గన్ను ముట్టుకోవాలి. ఎందుకంటే పాత లారీలకు ఎడమ పక్క నట్లు ఉల్టా ఉంటాయి. కుడి చక్రానికి ఎటు తిప్పితే ఊడతాయో, ఎడమ చక్రానికి అటు తిప్పితే బిగుస్తాయి. చక్రం తిరిగే ఊపుకు వదులు కాకుండా అట్లా చేశారట. కొత్త లారీలకు రెండు పక్కలా ఒకటే తీరు. బోల్టు కొస మీద మట్టి తుడిస్తే ఉల్టా వాటికి ఇంగ్లీషు ఎల్ అక్షరం కనబడుతుంది. ఆయనకు ఆ అక్షరం మీద కూడా నమ్మకం లేదు.

“బోల్టు మార్చెటోడు ఏది దొరికితె అది ఏస్తడు. అచ్చరాన్ని నమ్మకు, చెయ్యిని నమ్ము. నట్టు ఎటు పోవాల్నో చెయ్యికి తెలుస్తది. గన్నుకేం తెలుస్తది? నొక్కితె కొడ్తది, అంతే.”

నాకు పానాతో మొదటి నట్టు కదపడమంటే నరకం. పైపు చివర నా బరువంతా వేసి వేలాడాలి. చూసే డ్రైవర్లకు అదొక తమాషా. అయినా మూడేళ్లు ఆ మాట తప్పలేదు. తప్పింది ఒక్క రోజే.

పోయిన వానాకాలం, పొద్దున పది దాటింది. ఆయన నడుము చూపించుకోవడానికి చేవెళ్ల దవాఖానకు వెళ్లాడు. తాండూరు బండల లోడుతో ఒక పాత లారీ వచ్చి ఆగింది. వెనక ఎడమ పక్క బయటి టైరు నేలకంటుకుపోయి ఉంది. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. ముందు సీట్లో ఆయన భార్య కూర్చుని ఉంది. మొయినాబాద్ అవతల ఒక ఫామ్‌హౌస్‌లో బండలు దించి, అక్కణ్నుంచి ఆమెను మెహిదీపట్నం బస్సులో కంటి దవాఖానకు తీసుకుపోవాలట.

“మొగోడు లేడా అమ్మా?” అన్నాడు దిగుతూనే.

“దవాఖానకు పోయిండన్నా. నేను జేస్త.”

“నువ్వా? వద్దు తియ్యి. ఆయన వచ్చేదాంక ఆగుత. బండల లోడు ఇది, ఆటలు గాదు.”

ఆమె తలుపు తీసి తొంగి చూసింది. “జేస్తనంటున్నది గదా, జెయ్యనియ్యరాదు! ఆడోళ్లు జెయ్యని పని ఏమున్నది లోకంల?” అని దిగి వచ్చి నా పక్కనే ఒక పాత టైరు మీద కూర్చుంది. గన్ను వైపు చూసి, “ఎంత బరువున్నదో చెల్లె! నేనైతె లేపనే లేపలేను” అంది.

ఆమె అట్లా అన్నందుకు సంతోషం, ఆయన అట్లా అన్నందుకు మంట. రెండూ కలిసి నెత్తికెక్కాయి. ఇప్పుడు పైపుకు వేలాడి నా తిప్పలు వీళ్లకు చూపించాలా అనిపించింది. పానా పక్కన పెట్టేసి నేరుగా గన్ను తీశాను. కుడి చక్రానికి తిప్పే దిక్కుకే పెట్టి మీట నొక్కాను.

మామూలుగా నాలుగు దెబ్బలకు మోత మారుతుంది. గట్టిగా టకటకమన్నది సన్నగా గుయ్యిమంటుంది, అంటే నట్టు వదిలిందని లెక్క. ఈసారి మోత మారలేదు. నూనె పోసి మళ్లీ కొట్టాను. పక్క నట్టు పట్టాను, అదీ అంతే. మూడోదాని మీద పంతం కొద్దీ మీట వదలకుండా నొక్కి పట్టాను. చేతిలో ఏదో చిన్నగా సాగినట్టయింది. వేలితో మట్టి తుడిచి చూస్తే ఎల్ అక్షరం స్పష్టంగా ఉంది. అంతసేపూ నేను విప్పలేదు, బిగించాను. బిగిసిన దాన్ని ఇంకా ఇంకా బిగించాను.

“అయితలేదా చెల్లె?” అని అడిగింది ఆమె.

“తుప్పు పట్టింది అక్కా” అన్నాను.

గన్ను తిరిగే దిక్కు మార్చి అన్నీ విప్పాను. మూడో బోల్టు మర చుట్ల మధ్య ఇనుప పొట్టు మెరుస్తోంది. జాకీ ఎత్తి, స్టెప్నీ ఎక్కించి, నట్లు మళ్లీ బిగించాను. పదింట్లో తొమ్మిది నట్లు ఆగాల్సిన చోట ఆగాయి. మూడోది ఆగలేదు, తిప్పిన కొద్దీ తిరుగుతూనే ఉంది. దాని పక్కనున్న రెండూ నేను హింస పెట్టినవే. డ్రైవరు ఫోన్లో ఎవరికో వస్తున్నామని చెబుతున్నాడు. కూలీలు ఎదురుచూస్తున్నారట.

“అయ్యిందా?”

“అయింది.”

ఆ ఒక్క మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. పంక్చరైన టైరు సాయంత్రం తీసుకుంటానని అక్కడే వదిలి ఆయన బండి ఎక్కాడు. ఆమె కిటికీలోంచి, “మా బిడ్డకు చెప్త చెల్లె నీ గురించి. ధైర్యం జూసి నేర్చుకోమంట” అంది. లారీ కదిలింది.

అరగంటకు నా భర్త ఆటో దిగి వచ్చాడు. దాచడానికి నా మొహం సహకరించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఎన్ని?” అన్నాడు.

“మూడు.”

“పక్క పక్కనా?”

“ఆ.”

బెంచీ మీద మెల్లగా కూర్చుని రోడ్డు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: “ఏడు నట్లు పట్టుకుంటయి. మొయినాబాద్ ఎంతసేపు? ఇయ్యాళ లోడు దించినంక బరువే ఉండది. పొద్దుమీకి టైరు కోసం ఎట్లైన వస్తడు. అప్పుడు బోల్టులు మార్చేద్దాం.”

“చెప్పకుంటనా?”

“చెప్తె ఇగ మన షెడ్డు ముంగట ఏ లారి ఆగుతది చెప్పు! పెండ్లాంతోని జేపిస్తడు, బోల్టులు ఇరగ్గొడ్తదని తాండూరు దాంక చెప్పుకుంటరు. మన బతుకు గిదే గదనే.”

మొదటి నట్టు చేత్తో అని మూడేళ్లు నా చెవిలో పోరు పెట్టిన మనిషి ఆయన. ఆ మనిషే ఆ మాట అనేసరికి నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆయన అంత భయపడుతున్నాడంటే మా దగ్గర ఈ షెడ్డు తప్ప ఇంకేమీ లేదన్నమాట.

“ఆమె లోపల కూసున్నది” అన్నాను. “ఆ చక్రం ఉన్న దిక్కే కూసున్నది.”

నేను స్కూటీకి పానా, పైపు తాడుతో కట్టుకుంటుంటే ముడి సరిగ్గా పడలేదని ఆయన లేచి వచ్చి తానే గట్టిగా వేశాడు.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఆ రోడ్డు నాకు అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. ప్రతి మలుపులో ఎడమ పక్క కాలువలోకి చూశాను. జనం గుంపుగా నిలబడితే గుండె ఆగేది. దగ్గరికి పోతే జామకాయల బండి. కాలేజీ పిల్లలు ఒక్కో బండి మీద ముగ్గురేసి పోతున్నారు. ఊడిన లారీ చక్రం ఒకటి వాళ్ల మధ్యలోకి దొర్లుకుంటూ పోవడం నా కళ్లకు కట్టింది. దేవుడికి మొక్కుకోవడానికి కూడా సిగ్గేసింది. చేసిందంతా చేసి ఆయన్నేమని అడగాలి?

మొయినాబాద్‌లో చాయ్ హోటల్ దగ్గర అడిగితే బండల లారీ కాసేపటి కిందటే లోపలి దారికి మళ్లిందన్నారు. ఆ దారి నిండా ఫామ్‌హౌస్‌లే, అన్నీ ఒకే తీరు పెద్ద గేట్లు. మూడో సందులో కనబడింది. లారీ నిలబడే ఉంది. కూలీలు బండలు దించుతున్నారు. ఏడుపు తన్నుకొచ్చింది.

“అరె, చెల్లె!” అంది ఆమె నన్ను చూసి. గోడ నీడలో సద్ది మూట విప్పుకుని కూర్చుంది. “ఎట్ల దొరకవట్టినవ్? రా, గింత తిను.”

“అక్కా, ముందుగాల నన్ను చెప్పనియ్యి” అని, డ్రైవరు వినేలా, కూలీలు కూడా వినేలా, మొత్తం చెప్పాను. ఉల్టా తిప్పింది, మూడు బోల్టులు సాగదీసింది, తెలిసి కూడా అయిందన్నది.

డ్రైవరు చక్రం దగ్గరికి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. మూడో నట్టు లేదు. బోల్టు సగానికి తెగి ఉంది. దాని పక్కదాన్ని ఆయన రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే తిరిగింది. దాని తర్వాతది కూడా కొంచెం కదిలింది. ఆయన వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

“అన్నా, చేత్తోని బిగిస్త. కొత్త బోల్టులు తెచ్చి నేనే ఏస్త” అని పానా తగిలించబోయాను. ఆయన నా చేతిలోంచి పానా తీసుకున్నాడు. గుంజుకోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో నట్టూ తానే బిగించుకున్నాడు. అయ్యాక లేచి నుదురు తుడుచుకుని అన్నాడు:

“నువ్వచ్చి చెప్పినవు గాబట్టి ఇంటికి పోతం. నువ్వే జేసినవు గాబట్టి పోకపోదుము. రెండూ నీ చేతులనే అయినయి. ఇండ్ల ఏది యాదికుంచుకోవాల్నో నాకు సమజైతలేదు బిడ్డా.”

ఆయన తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. బిడ్డా అన్నాడు. ఆమె వైపు చూశాను. సద్ది మూట మళ్లీ కట్టేస్తోంది.

“తుప్పన్నవు గద చెల్లె” అంది తల ఎత్తకుండానే. “నేను గూడ నమ్మిన.”

ఇంటికి వచ్చాక డ్రైవరు ఏమన్నాడని నా భర్త అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. సాయంత్రం టైరు కోసం ఇంకో లారీ వాళ్లొచ్చి తీసుకుపోయారు. ఆయన భయపడినట్టే కొన్ని బండ్లు మా షెడ్డు దాటి ముందుకు పోయి ఆగడం మొదలుపెట్టాయి. అన్నీ కాదు, కొన్ని. నేను మళ్లీ పైపుకు వేలాడుతున్నాను, చూసేవాళ్లు చూడనీ అని.

ఆ లారీ మాత్రం వారానికి రెండుసార్లు మా ముందు నుంచే పోతుంది. దూరం నుంచే గుర్తుపడతాను. చేతిలో పని వదిలేసి లేచి నిలబడతాను. ఆగుతుందని కాదు, ఆగదని తెలుసు. చూసేది ఆ వెనక ఎడమ చక్రాన్ని. పది నట్లూ ఉన్నాయా అని లెక్కపెట్టబోతాను. అది తిరుగుతూ ఉంటుంది కదా, నాలుగు కూడా లెక్కకు అందవు.