పురికొసతో కుట్టిన సర్టిఫికెట్

నా ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ సర్టిఫికెట్‌కి ఎడమ అంచున మూడు చిల్లులున్నాయి. ఫైలులో పెట్టడానికి చేసినవి కావు, గోనెసంచులు కుట్టే దబ్బనంతో పొడిచినవి. ఆ కాగితం చూపించిన ప్రతిచోటా గుమాస్తాలు దాన్ని వెలుతురుకేసి పట్టుకుని "ఇవేంటండి?" అని అడిగారు. అందరికీ చెప్పాను. వినే తీరిక లేనివాళ్లకి కూడా చెప్పాను.

పొడిచింది మా మామయ్య. మా అమ్మకి పెదనాన్న కొడుకు. తెనాలిలో గోనెసంచుల కొట్టు ఉండేది. మాది రేపల్లె వైపు, నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెటూరు, రెండెకరాల కౌలు వ్యవసాయం. అరవైల చివర్లో మా వైపు ఊళ్లకి కరెంటు స్తంభాలు వస్తున్నాయి. బియ్యం మిల్లులవాళ్లు ఆయిలింజన్లు తీసేసి మోటార్లు పెట్టుకుంటున్నారు. తెనాలిలో ఒక ప్రైవేటు సంస్థ ఏడాదిన్నరలో ఈ పని నేర్పి సర్టిఫికెట్ ఇస్తుందని తెలిసింది. ఫీజు, పనిముట్లు, రైలు సీజన్ టికెట్లు అన్నీ కలిపి ఆరువందలు కావాలి.

మామయ్య ఇచ్చాడు. ఇవ్వలేదని నేనెప్పుడూ అనలేదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ప్రోనోటు మీద స్టాంపు అంటించి నాన్న చేతా నా చేతా సంతకాలు పెట్టించాడు. సిరా ఆరకముందే కొట్లో కూర్చున్న ఒక పెద్దాయనతో, అందరికీ వినపడేలా అన్నాడు.

"మా అల్లుడికి బల్బు మార్చడానికి కూడా సర్టిఫికెట్టు కావాలంట బాబాయ్. చూశారా కాలం."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆయన నవ్వినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఏడాదిన్నర పాటు రోజూ సైకిలు మీద రేపల్లె వెళ్లి, అక్కడ తెనాలి పాసింజరు ఎక్కేవాణ్ణి. సంస్థకి మామయ్య ఇల్లు నాలుగడుగుల దూరం. ఆ ఏడాదిన్నరలో ఆ ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక ఇస్త్రీపెట్టె, కొట్లో మెయిన్ స్విచ్ బాగుచేశాను. ఒక్కపూట కూడా నన్ను అన్నానికి కూర్చోమనలేదు. చేసిన పనికి వడ్డీలో అణా తగ్గించలేదు. అత్తయ్య మాత్రం వెళ్లినప్పుడల్లా మజ్జిగ ఇచ్చేది. అది కూడా మరచిపోలేదు.

పరీక్ష ప్యాసయ్యాను. ఇక్కడ నా తప్పు ఒకటుంది. దరఖాస్తులో తెనాలి అడ్రసు రాయమంటే మామయ్య కొట్టు అడ్రసు రాశాను. సర్టిఫికెట్ పోస్టులో అక్కడికే వెళ్లింది. నేను వెళ్లేసరికే ఆయన దాన్ని నా ప్రోనోటుతో కలిపి దబ్బనంతో పొడిచి, పురికొసతో మూడు కుట్లు వేసి, ముడి బిగించాడు. ఆయన దగ్గరున్న కాగితాలన్నీ అంతే. ఎవరి నోటుకి వాళ్ల పొలం దస్తావేజు కుట్టి ఉండేది. ఒకటి కదిలితే రెండోది కూడా కదలాల్సిందేనన్నది ఆయన పద్ధతి.

"ఇదేంటి మామయ్యా, నా కాగితం."

"నీదే. ఎవరు కాదన్నారు? అప్పు తీసుకున్నవాళ్లు బంగారం పెడతారు, పొలం కాగితాలు పెడతారు. మీ దగ్గర ఏముందిరా పెట్టడానికి? బాకీ తీర్చి పట్టుకెళ్దువుగాని."

"అది లేకపోతే ఉద్యోగం రాదండి. ఉద్యోగం రాకపోతే బాకీ ఎలా తీరుతుంది?"

"పని వచ్చినవాడికి కాగితంతో పనేంటి అల్లుడూ?"

కాగితంతో పనే లేకపోతే మీరెందుకు దాచుకున్నారండి అని అడగాల్సింది. ఆ మాట నాకు తిరుగు రైలు వేమూరు దాటాక తట్టింది.

నకలు కోసం సంస్థకి వెళ్లాను. అక్కడి గుమాస్తా, "పోయిందని రాసివ్వండి, ఇంకోటి ఇస్తాం" అన్నాడు.

"పోలేదండి. ఎక్కడుందో నాకు తెలుసు."

"తెలిసినా పోయిందనే రాయండి బాబూ. మీ పనైపోతుంది."

రాయలేదు. ఉన్నదాన్ని పోయిందని నేనెందుకు రాయాలి? మామయ్య దగ్గర్నుంచి దాన్ని నాకు ఇప్పించమని సంస్థకి మూడు రిజిస్టరు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి, అది కుటుంబ విషయమని జవాబు వచ్చింది. మిగతా రెంటికీ రాలేదు. అవి అందినట్టు సంతకం చేసిన కార్డులు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ఒక చిన్న అబద్ధం రాస్తే బాగుపడేవాడివని చాలామంది అన్నారు. కావచ్చు. రాయనందుకు మాత్రం నాకు విచారం లేదు.

బాపట్లలో ఒక బియ్యం మిల్లులో మనిషి కావాలంటే వెళ్లాను. మేనేజరు సూటిగా చెప్పాడు. సర్టిఫికెట్ చూపిస్తే ఎలక్ట్రీషియన్, నెలకు నూట ముప్పై. లేకపోతే హెల్పరు, డెబ్బై.

"తెనాలిలో ఉందండి" అన్నాను.

"తెనాలి ఎంత దూరమయ్యా? వెళ్లి తెచ్చుకో."

పదహారు నెలలు హెల్పరుగా చేశాను. హెల్పరన్నది జీతాల పుస్తకంలోనే. మోటారు ఆగితే అందరూ నన్నే పిలిచేవాళ్లు. జీతం తీసుకున్న ప్రతిసారీ నా చిన్న నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి, "మామయ్య" అన్న మాట కింద అరవై అని రాసుకునేవాణ్ణి. నూట ముప్పైకీ డెబ్బైకీ తేడా అది.

ప్రోనోటుకి మూడేళ్లే ఆయుష్షు. ఆలోగా కొత్త నోటు రాయించుకోవాలి, లేదా అప్పు తీసుకున్నవాడు కొంత సొమ్ము కట్టి, పాత నోటు వెనక తన చేత్తో చెల్లు రాసి సంతకం పెట్టాలి. రెండూ జరగకపోతే ఆ నోటు కోర్టులో చెల్లదు. మా వైపు చదువు రానివాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు. గడువు దగ్గరపడ్డాక నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "మామయ్య నోటు తిరగరాయించుకోవడానికి వస్తాడు. గొడవపడకు" అని రాశాడు.

ఇంకా నాలుగు రోజుల గడువుందనగా మధ్యాహ్నం మామయ్య మిల్లుకి వచ్చాడు. మోటార్ల షెడ్డులో ఒక బస్తా మీద కూర్చుని గుడ్డసంచిలోంచి కాగితాలు తీశాడు. పాత నోటు, దానికి కుట్టిన నా సర్టిఫికెట్ కూడా వాటిలో ఉన్నాయి. కొత్త నోటు రాసి, స్టాంపు కూడా అంటించి తెచ్చాడు.

"నల్లబడ్డావు అల్లుడూ. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

చదివాను. అసలు వెయ్యి ముప్పై రెండు అని ఉంది.

"తీసుకున్నది ఆరువందలేగా."

"మూడేళ్ల వడ్డీ నాలుగువందల ముప్పై రెండు ఎవరిస్తారు, మీ మిల్లా?"

"వడ్డీ ఇస్తానండి. వడ్డీని అసల్లో కలిపి దానికి మళ్లీ వడ్డీ మాత్రం కట్టను."

నా నోటుపుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. పదహారు అరవైలు. తొమ్మిది వందల అరవై.

"ఇది మీరు నా కాగితం కుట్టిపెట్టినందుకు నాకు వచ్చిన నష్టం. మీ వెయ్యి ముప్పై రెండులో ఇది పోతే డెబ్బై రెండు. అది ఇస్తాను."

ఆయన పేజీ అంతా చదివి నవ్వాడు. "కోర్టులో చెప్పరా ఈ లెక్క. బంట్రోతు కూడా నవ్వుతాడు."

"చెప్తానండి. మీరూ రండి. నోటు చూపించాలంటే నా సర్టిఫికెట్టు కూడా జడ్జిగారి ముందు పెట్టాలి. కలిపి కుట్టింది మీరేగా."

నవ్వు ఆగింది. పాత నోటు మీద వేలు పెట్టి, "దీని మీద మీ నాన్న సంతకం కూడా ఉందిరా" అన్నాడు.

నన్ను ఎక్కడ పొడవాలో ఆయనకి తెలుసు. నాలుగు రోజులు ఊరుకుంటే నోటు చచ్చిపోతుంది, దానితోపాటు నాన్న మాట కూడా పోతుంది. పదహారు నెలలూ ఆలోచించింది దాని గురించే.

"ఎగ్గొడతానని ఎవరన్నారు? కొత్త నోటు రాయను. ఇప్పుడు డెబ్బై రెండు కట్టి పాతదాని వెనక చెల్లు రాస్తాను. మీ నోటు మీకు బతుకుతుంది. నా కాగితం నాకు ఇవ్వండి."

"ఇవ్వకపోతే?"

"నాలుగు రోజుల తర్వాత రండి. టీ ఇప్పిస్తాను."

ఆయన పురికొస ముడిని గోళ్లతో లాగడం మొదలుపెట్టాడు. అది రాలేదు. నేను కటింగ్ ప్లేయర్ తీసి ఒక్కో కుట్టూ తెంచాను.

"జాగ్రత్తరా, నోటు చిరుగుతుంది."

"నా సర్టిఫికెట్ పొడిచినప్పుడు ఈ జాగ్రత్త ఏమైందండి?"

డెబ్బై రెండు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాను. ఆయన లెక్కలో అది కొంత సొమ్ము. నా లెక్కలో బాకీ మొత్తం తీరిపోయింది. ఆ సాయంత్రమే సర్టిఫికెట్ మేనేజరు బల్ల మీద పెట్టాను. చిల్లుల గురించి ఆయన అడిగాడు, చెప్పాను. మరుసటి నెల నుంచి నూట ముప్పై.

పెరిగిన అరవైలో నలభై అయిదు ప్రతి నెలా తెనాలికి మనియార్డరు చేశాను. ఇంచుమించు రెండున్నరేళ్లు. ప్రతి కూపను మీదా ఒకే వాక్యం రాశాను: "ఇది మా నాన్న సంతకం కోసం." అంటే ఆ రెండున్నరేళ్లూ సర్టిఫికెట్ నాకు సంపాదించి పెట్టింది నెలకు పదిహేను రూపాయలు. చదువుకున్న ఏడాదిన్నర, హెల్పరుగా చేసిన పదహారు నెలలు కూడా కలిపి చూస్తే, అందరూ చెప్పినంత గొప్ప చదువేమీ కాదు. అయినా మోటారు పాడైతే నన్నే పిలిచేవాళ్లు. అది ఎవరూ ఇచ్చింది కాదు.

బాకీ తీరాక మామయ్య మా పద్ధతి ప్రకారం నోటు చింపబోతుంటే, వద్దని అడిగి తెచ్చుకున్నాను. డెబ్బైల్లో రేపల్లెలో సొంతంగా మోటార్ల వైండింగ్ షాపు పెట్టాను. ఒక పెళ్లి పంక్తిలో ఆయన పక్కవాళ్లతో, "ఈ షాపు నా ఆరువందలతో మొదలైంది" అన్నాడు. విస్తరి ముందు నుంచి లేవకుండానే, ఇప్పుడు రాసినదంతా మొదటి నుంచి చెప్పాను. పప్పు చల్లారిపోయింది. పక్కవాళ్లు పెరుగన్నంలోకి వచ్చేశారు. ఆయన ఒక్క అంకె కూడా కాదనలేదు.

ఆ నోటూ సర్టిఫికెట్టూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెడితే చిల్లులు సరిగ్గా కలుస్తాయి. నోటుపుస్తకంలో ఆ పేజీ కూడా ఉంది. తొమ్మిది వందల అరవై. నా వరకు అది ఇంకా రావాల్సిన సొమ్మే. కొట్టెయ్యలేదు.