పందెం ఇంజను, రేవు పడవ

1962. మంచిర్యాలలో గోదావరి రేవు దగ్గర మా బాపుకు ఇంజన్ల రిపేరు షెడ్డు ఉండేది. బడికి పోని నాకు అక్షరాలూ, పానా పట్టడమూ ఇంట్లో ఆయనే నేర్పాడు. ఆ దయవల్లే ఈ పని నాకు అన్నం పెట్టింది.

వానలకు ముందు, రేవు పడవ నడిపే లచ్చన్న కాకా ఒక ఔట్‌బోర్డ్ ఇంజను తెచ్చాడు. పడవ వెనక చెక్కకు బిగించేది. సొంత దేశం వెళ్లిపోతూ గనుల ఇంజనీరు దొర ఒకాయన ఇచ్చాడట. కిందటేడు వరదకు తెడ్లు ఆగక, పురుటినొప్పులు పడుతున్న కోడలిని దాటించలేక పోగొట్టుకున్నాడు కాకా. ఈసారి పడవ ఆగొద్దని ఆయన పట్టు.

“బిడ్డా, అరుస్తది గని గుంజదు. ఇప్పుడు అరుస్తలేదు గూడ.”

విప్పాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పడవ పందేల కోసం చేసిన టూ-స్ట్రోక్. వాల్వులుండవు, సిలిండర్ గోడలోని కంతలను పిస్టనే మూసి తెరుస్తుంది. సైలెన్సరూ లేదు. పెట్రోలులో కలిపిన నూనే లోపలంతా తడపాలి. ట్యాంకు అడుగున వేలికి జిగట తగిలింది. వాసన చూసి నవ్వాను.

“ఆముదం పోసినవా కాకా?”

“దొరే చెప్పిండు, పందెంల ఆముదమే తాగుతదని. మా ఇంటామె మంచిగ చిక్కగ వండింది!”

“తలకైతే మంచిదే” అన్నాడు బాపు.

దొర మాట అబద్ధం కాదు. పందేల్లో పోసే మిథనాల్ అనే స్పిరిటులో ఆముదం కలుస్తుంది. మన పెట్రోలులో నిలవక అడుగుకు దిగుతుంది. దేవుడి దయ, పిస్టన్లకు గీతలు పడలేదు. అంతా కడిగి, ఇంజనాయిలు కలిపాను. మళ్లీ అరిచింది. పడవ మాత్రం నత్తనడకే.

అప్పుడు ప్రొపెల్లరు చూశాను, నీటిని వెనక్కి తోసే రెక్కలు. రెండే, సన్నగా, బాగా మెలితిరిగి ఉన్నాయి. తేలిక పడవను నీటిమీద ఎగరేయడానికి చేసినవి.

“పందెం గుర్రాన్ని నాగలికి కట్టినవ్ లచ్చన్నా” అన్నాడు బాపు.

మైనంతో మూడు వెడల్పు రెక్కలు, మెలిక తగ్గించి, నా చేత్తో చేశాను. కంచరి వాటిని ఇత్తడిలో పోశాడు. మూడూ ఒకే బరువు తూగేదాకా ఆకురాయితో అరగదీసి, ఇంజనుకు బిగించాను.

ఆ వానల్లో అవతలి కరీంనగర్ జిల్లా ఒడ్డున ఒక అమ్మాయికి నొప్పులొచ్చాయి. కాకా వెళ్లాడు. రేవులో నిలబడి రాముణ్ణి తలుచుకున్నాను. ఎర్రనీళ్ల మీద ఇంజను అరుపు వినబడింది. తెగకుండా దగ్గరైంది.

అమ్మాయిని ఆసుపత్రికి బండెక్కించి కాకా నా వైపు తిరిగాడు. “గుంజింది బిడ్డా! ఎద్దు లెక్క గుంజింది!”

ఏ ఇంజను వచ్చినా, ఏం చెడిందని అడిగే ముందు దేనికోసం చేశారో చూడడం ఆ పందెం ఇంజనే నేర్పింది. ఆ సాయంత్రం దీపం పెట్టి, ఇత్తడి పొడి ఇంకా వదలని చేతులతోనే దండం పెట్టుకున్నాను.