ఎస్‌డీ లేని సంతకాలు

ఈ పొద్దున పోస్టుబాక్సులో పిజ్జా కూపన్ల మధ్య ఒక ఆహ్వానం కనిపించింది. పాత కోర్టు భవనంలో ఆ ఐరిష్ జడ్జిగారి స్మారక సభ. వక్తల పేర్లు రెండుసార్లు చదివాను. మా పక్కింటి పెద్దావిడ పేరు ఈ ఏడూ లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ఆ పాపం నాదే.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొత్తలో నాకు నడకలో తోడు ఆవిడే. జడ్జిగారు ఆవిడ ముత్తాతకు తాత. ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చి, దుకాణంలో మూటలు మోసి, సొంతంగా లా చదువుకుని, శాసనసభకు వెళ్లి, ఆఖరికి జడ్జీ అయ్యాడట. ఆవిడ మురిసిపోతూ చెబుతుంటే నాకు లోపల ఏదో పురుగు తొలిచేది. నేను ముప్పై ఏళ్లు జిల్లా కోర్టులో కాపీయిస్టుగా, అంటే కోర్టు కాగితాలకు నకళ్లు రాసే గుమాస్తాగా బతికినవాణ్ణి. అంత తిన్నగా సాగిన బతుకు ఎక్కడో వంకర పోయే ఉంటుందని నా గట్టి అనుమానం. మా ఆవిడ బతికుంటే, "మీకు దేవుడి ప్రసాదంలోనూ రాళ్లే కనిపిస్తాయి" అని దెప్పేది.

ఓసారి ఆ పక్కింటావిడే ముచ్చటపడి నన్ను కోర్టు రికార్డు రూముకు తీసుకెళ్లి, ఆయనకు పౌరసత్వం వచ్చిన పేజీ చూపించింది. దరఖాస్తు, ఇతను మంచివాడేనని ఇద్దరు సాక్షులు చేసిన సంతకాలు, కింద ఉత్తర్వు. అన్నీ ఒకే చేతి రాత! నకలైతే మా కోర్టులో ప్రతి సంతకం ముందూ 'ఎస్‌డీ' అని రాస్తాం. అసలు కాగితంలో ఫలానావారు సంతకం చేశారని చెప్పే గుర్తు అది. ఇక్కడ లేదు. అంటే ఇదే అసలన్నమాట.

"సాక్షులూ లేరు, ఎవరూ లేరు. అన్ని సంతకాలూ మీ తాతగారే పెట్టేసుకున్నారు" అన్నాను, ఏదో కేసు గెలిచినవాడిలా.

ఆవిడ కళ్లద్దాలు తీసి సంచిలో పెట్టుకుంది.

వారం తిరక్కుండా మా అమ్మాయి నా మీద విరుచుకుపడింది. "ఏం చెప్పారు నాన్నా ఆవిడకి? సభలో స్పీచ్ క్యాన్సిల్ చేసుకున్నారు! ఫోర్జరీ చేసినవాడి మనవరాలిగా స్టేజ్ ఎక్కనంటున్నారు."

రుజువు చూపించి అమ్మాయి నోరు మూయిద్దామని, ఆ పేజీ జిరాక్స్ కోసం మళ్లీ వెళ్లాను. 'ఎస్‌డీ' సంగతి చెబితే అక్కడి ఉద్యోగిని నవ్వింది. "ఇది క్లర్క్ ఎత్తిరాసిన పుస్తకం సర్. సంతకాలు కూడా అతనే రాసేవాడు. మా దగ్గర మీరు చెప్పే గుర్తేదీ పెట్టేవాళ్లు కాదు. అసలు కాగితాలు ఎప్పుడో కాలిపోయాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. నాలాంటి గుమాస్తా ఎవడో నడుం పట్టేసేలా కూర్చుని రాసిన నకలు అది. ముప్పై ఏళ్లు అదే పని చేసి, తోటివాడి చేతిని పోల్చుకోలేకపోయానే!

ఆ సాయంత్రమే ఆవిడ గుమ్మంలో నిలబడి, జరిగింది చెప్పి, క్షమించమన్నాను. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. నా చెయ్యి తట్టింది కూడా.

"మీ మీద కోపం లేదు. కానీ ఆయన్ని ఇదివరకటిలా నమ్మలేకపోతున్నాను. అసలు కాగితాలు లేవుగా" అంది.

రెండు వందల ఏళ్లు నిలబడ్డ మనిషిని నేను ఒక్క పూటలో పడగొట్టాను. తిరిగి నిలబెట్టడానికి నా దగ్గర అంత కాలం లేదు.