పది దించి తొమ్మిది

మైపాడుకు ఉత్తరాన ఉన్న ఆ జాలర్ల పాళెంలో మా ట్రక్కులు ఆగేసరికి ఉదయం ఏడయింది. ఈశాన్యం గాలి. సరుగుడు తోపు మొత్తం ఒకే పక్కకు వంగి ఉంది. మా దగ్గర రెండు రబ్బరు పడవలు, చెట్లు కోసే మెషీన్లు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఒక రేడియో సెట్టు. తుపాకులు లేవు. తుపాను డ్యూటీకి వాటితో పని లేదు.

మిలిటరీ నుంచి రిటైరై వచ్చాక మా ఊళ్లో అందరూ నన్ను మంచు కొండల గురించే అడుగుతారు. అక్కడ నాకేమీ కాలేదు. చలిని తిట్టుకుంటూ టీ తాగి వచ్చాను. నా నిద్ర చెడగొట్టింది మా సొంత జిల్లా, ఇంటి నుంచి బస్సులో గంటన్నర దూరంలో.

దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మైకు నా చేతికిచ్చారు. పదకొండు లోపు పాళెం ఖాళీ చేయించి అందరినీ తుపాను షెల్టరుకు చేర్చాలని ఆర్డరు. దక్షిణాన ఉన్న పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అదే చెప్పుకుంటూ వీధులన్నీ తిరిగాను. వరి పండించే ఇంట్లో పుట్టిన నాకు సముద్రం గురించి తెలిసింది అంతంత మాత్రమే. కానీ ఆ నంబర్లు వినకుండా పెరిగిన నెల్లూరు వాడు ఉండడు. మూడంటే చూద్దాంలే అనుకుంటాం. ఏడంటే గొడ్లను కొట్టంలోకి తోలుకుంటాం. పదంటే దేవుడి పటం ముందు నిలబడతాం.

నా మైకుకు ఎవరూ కదల్లేదు. కదిలింది దురాయికి. ఊరి పెద్దలు కూర్చుని వేసే కట్టుబాటు అది. వేశాక రేవు వైపు ఎవరూ అడుగు పెట్టరు. వాళ్లే ఎత్తేశాక ఎవరూ ఎవరినీ ఆపరు. అప్పటికి కాటయ్య అనే ముప్పై ఏళ్ల మనిషి ఒడ్డున తన బోటు ఇంజను విప్పుతున్నాడు. ఒక్క గంట ఇమ్మన్నాడు. కుదరదన్నాను. దురాయి వేశారని అతని భార్య పోలమ్మ వచ్చి చెప్పాకే స్పానరు కింద పడేసి లేచాడు.

"దురాయి ఏసినారని వస్తా ఉండా సారూ. మీ డ్రస్సు చూసి గాదు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మనిషి నచ్చాడు కూడా.

పన్నెండుకు మమ్మల్ని విడవలూరు రోడ్డుకు పంపారు. అడ్డంగా పడిన చెట్ల వెనక అంబులెన్సులు ఆగిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ కోస్తూ ముందుకు పోయాం. మధ్యాహ్నం రెండు దాటాక వాన కాస్త తెరిపిచ్చింది. రొట్టెలు పంచుకుంటున్నాం. రేడియో ఆపరేటరు హెడ్‌సెట్ తీసి, పోర్టులో పదో నంబరు దించి తొమ్మిది ఎగరేశారట అన్నాడు.

"హమ్మయ్య, తగ్గింది సాబ్," అన్నాను కెప్టెన్‌తో.

కెప్టెన్ నా వైపు వింతగా చూశాడు. తగ్గడం ఏమిటన్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది, మూడింటి తీవ్రతా ఒకటే. తుపాను పోర్టుకు ఏ పక్క తీరం దాటుతుందో చెప్పడానికే వేరు వేరు నంబర్లు. పదంటే పోర్టు మీదుగా. తొమ్మిదంటే, మన తీరంలో, పోర్టుకు దక్షిణంగా. అప్పుడు గాలి ఉత్తరం వైపు తీరం మీద సముద్రం నుంచి నేరుగా కొట్టి నీళ్లను ఊళ్లోకి తోస్తుంది. పోర్టుకు ఉత్తరాన ఉన్నది పాళెం.

రొట్టె పక్కన పడేశాను. నేనే తగ్గిందనుకుంటే పాళెం ఏమనుకుంటుంది? ఊరి పెద్దకు ఫోన్ చేశాను. టవర్లు పని చేయడం లేదు. కెప్టెన్ కంట్రోలు రూమును పిలిపించాడు. అటువైపు తెలుగు గొంతు పలికేసరికి హెడ్‌సెట్ నాకిచ్చారు. తొమ్మిదంటే తగ్గడం కాదని షెల్టరులో చెప్పించండి, లేదా మమ్మల్ని వెనక్కి పంపండి అన్నాను.

"నంబరు మార్పును వైర్‌లెస్‌లో షెల్టర్లకు తెలియజేయడమైనది. మీరు రోడ్డు పని పూర్తి చేయండి."

తెలియజేయడమైనది! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. తుపాను ఎక్కడ దాటుతుందో గీత గీసి మరీ చెప్పారు. ఆ గీత తప్పలేదు కూడా. దాని వెనక ఒక్క వాక్యం కలపడానికి ఎవరికీ నోరు రాలేదు.

రోడ్డు తెరిచి పాళెం చేరేసరికి నాలుగున్నర. షెల్టరు నిండా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తొమ్మిది అని వినగానే పెద్దలు దురాయి ఎత్తేశారట. మగవాళ్లు వలలు, ఇంజన్లు తెచ్చుకోవడానికి రేవుకు పోయారట. నీళ్లు మా ట్రక్కుల ఇరుసుల దాకా వచ్చాయి. పడవలు దించి, సరుగుడు చెట్లను కరుచుకుని ఉన్నవాళ్లను చీకటి పడేదాకా తెచ్చాం. వాళ్లలో కాటయ్య లేడు.

మర్నాడు నీళ్లు తీశాక పోలమ్మతో కలిసి వెతికాను. మనిషి దొరకలేదు. తోపు వెనక ఇసుక దిబ్బ మీద ఇంజను దొరికింది. టార్పాలిన్ చుట్టి, చెట్టు మొదలుకు తాడుతో బిగించి ఉంది. లోపలికి చుక్క నీరు పోలేదు. దాన్ని అక్కడ భద్రం చేసి, వల కోసం మళ్లీ రేవుకు వెళ్లి ఉంటాడు.

పోలమ్మ ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"పదికన్నా తొమ్మిది తక్కువే గదన్నా?"

కెప్టెన్ నాకు చెప్పిందంతా నాలుక చివరిదాకా వచ్చింది. అది విని ఆమె ఏం చేసుకుంటుంది? తక్కువేనమ్మా అన్నాను. ఇంజను ఇంటికి చేరుద్దామని తాడు మీద చెయ్యి వేశాను.

"ఆ ముడి ఆయన ఏసింది. ఇప్పబాకన్నా."

మూడో రోజు వెనక్కి బయలుదేరాం. తర్వాత యూనిట్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. హెచ్చరికలు సకాలంలో అందేందుకు సహకరించినందుకట. పరేడ్‌లో చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఇప్పటికీ కార్తీకంలో టీవీ నంబరు చెప్తుంది, నంబరుతోనే ఆపుతుంది. నేను టీవీ కట్టేస్తాను. పాళెం వదిలిన రోజు ట్రక్కు వెనక నుంచి చూసిందే కనబడుతుంది. దిబ్బ మీద పోలమ్మ కూర్చుని ఉంది. ఎండ వచ్చింది. టార్పాలిన్ గాలికి లేస్తుంటే ఒక చేత్తో అదిమి పట్టుకుంది. రెండో చెయ్యి ఆ ముడి మీద ఉంది.