మిగిలిన కూత

ఈ ఉదయం మా అమ్మ పెరట్లో నీళ్లపొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో తంటాలు పడుతోంది. నేను విద్యుత్ శాఖలో ఇంజనీరును. మా స్నానాల గదిలో గీజరు ఉంది. దాని వైరింగ్ నేనే చూసుకున్నాను, ఎర్తింగ్ కూడా సరిగ్గా ఉంది. అయినా కరెంటుతో కాగిన నీళ్లు ఒంటికి పట్టవని మా అమ్మ నమ్మకం కాబట్టి చలికాలమంతా మా ఇంట్లో కట్టెలపొయ్యిదే రాజ్యం. రాత్రి మంచుకు కట్టెలు చెమ్మగిల్లాయి, పొగ తప్ప మంట రావడం లేదు. పళ్లు తోముకుంటున్న మా అమ్మాయి నోరు పుక్కిలించి వచ్చి, నాయనమ్మ చేతిలోని గొట్టం తీసుకుని ఊదింది. ఒకే ఊపిరి. బూడిద లేచింది, నిప్పు ఎర్రబడింది, చివరికి మంట భగ్గుమని అందుకుంది. అప్పటిదాకా ఆ ఊపిరి ఎక్కడా తెగలేదు. వంటింటి గడపలో నిలబడి చూస్తున్న నా భార్య, "గింత దమ్ము పెట్టుకొని ఆ రోజు నాగర్‌కర్నూల్ల ఎట్ల ఆగిపోయినవే?" అంది. అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, గొట్టాన్ని గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయింది. నేను టవలు కోసం వెతుకుతున్నట్టు నటించాను. టవలు నా భుజం మీదే ఉంది.

నాగర్‌కర్నూలు సంగతి చెప్పాలంటే ముందు పోయినేటి మా ఆదివారాల సంగతి చెప్పాలి. మా ఇంట్లో కుటుంబ సమయం అనే పద్ధతిని ప్రవేశపెట్టింది నేను. దానికి కారణం ఉంది. మా అమ్మానాన్నలది గట్టు దగ్గర ఒక మెట్ట పల్లె. వానలు మొహం చాటేసినప్పుడల్లా మేస్త్రీ వెంట కాలువలు తవ్వడానికి, రోడ్లు వేయడానికి దూరదేశాలు పోయేవాళ్లు. నేను రెండో తరగతి నుంచి సర్కారు హాస్టల్లో పెరిగాను. అన్నం బాగానే పెట్టేవారు, చదువు బాగానే చెప్పేవారు, దాని పుణ్యమే ఈ ఉద్యోగం. కానీ అమ్మ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే వినిపించే గాజుల చప్పుడు నాకు పెళ్లయ్యాకే అలవాటైంది. అందుకని నా పిల్ల విషయంలో వారానికి ఒక రోజైనా నలుగురం కలిసి ఉండాలని నిర్ణయించాను. మిగతా రోజులు పెద్దమందడి వైపు కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లకు రాసి ఇచ్చాను.

సరిగ్గా అప్పుడే అమ్మాయి బడిలో కబడ్డీ మొదలైంది. పిల్లది గాలి మింగిన పిల్ల అని వాళ్ల పీఈటీ సార్ కనిపెట్టాడు. కూతకు వెళితే అవతలివాళ్లకు ఓపిక తీరాలి తప్ప ఈమె కూత తెగదు. దాంతో మా ఆదివారాలు మైదానాల పాలయ్యాయి. ఒక వారం గద్వాల, ఒక వారం నాగర్‌కర్నూలు, నడుమ ఎప్పుడైనా కోడేరు. మిగతా పిల్లలంతా బస్సులో పోయేవాళ్లు. ఆడపిల్లలు కాబట్టి అందరికీ డబ్బులు కట్టక్కరలేని సున్నా టికెట్టే. ఒకసారి మా అమ్మాయి కూడా, "డాడీ, నేను గూడ బస్సుల పోత. వాళ్లంత పాటలు పాడుకుంట పోతరు" అంది. కారులోనే ఎందుకు పోవాలో నేను కారణాలు వరుసగా వివరించాను. భద్రత, సమయపాలన, కుటుంబ సమయం. ఆమె అన్నీ విని మాట్లాడకుండా వచ్చి కారులో కూర్చుంది. నా కారణాలు విన్నవాళ్లు సాధారణంగా అలాగే మాట్లాడకుండా ఉంటారు. అంగీకరించారని నేను అనుకుంటాను.

ఆ కారు మూడో చేతి మీదుగా మా దగ్గరికి వచ్చింది. దాని ఏసీ ఎడమవైపు మాత్రమే పనిచేసేది. ఆ ఎడమవైపు సీటులో నా భార్య ఒళ్లో జవాబు పత్రాలు పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా ఎర్రపెన్ను పైకెత్తి, దాటాక మళ్లీ దించేది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు. ఆదివారం ఆమెకున్న ఒకే సెలవు. వెనక మా అమ్మ మోకాళ్లు ముడుచుకోలేక, చాపుకోలేక, ఏటవాలుగా ఒరిగి వక్కలు నములుతుండేది. పక్కన అమ్మాయి కిటికీకి నుదురు ఆనించి, దాటిపోయే బస్సుల్లో తన జట్టు ఉందేమోనని చూసేది. నా ఫోను డ్యాష్‌బోర్డు మీద మోగుతుండేది. "సార్, మోటరు నడుస్తలేదు" అని ఎవరో. "సార్, కరెంటు ఎప్పుడొస్తది" అని ఇంకెవరో. దిగిపోవడానికి నలుగురికీ నాలుగు తలుపులు ఉన్నాయి. ఎవరం దిగలేదు.

అది సర్పంచి ఎన్నికల కాలం. ప్రతి ఊరి మొదట్లో మైకు కట్టిన ఆటో అడ్డంగా ఆగి ఉండేది, దాని వెనక మేము. ఆ ఇరుకులోనే ఫోనులో వార్తలు వినేవాళ్లం. ఎక్కడో యుద్ధం, ఎక్కడో వరద, ఎక్కడో పరీక్ష పేపరు బయటికి పొక్కింది. మా అమ్మ ప్రతిదానికీ తీర్పు చెప్పేది. ఒకనాడు రెండు దేశాల సరిహద్దు గొడవ విని, "గీత కోసమే గద ఈ లొల్లి? మన పిల్లలు సున్నం బోసి గీసుకుంటరు, దాని మీదనే కొట్లాడుతరు, ఆటయినంక నవ్వుకుంట బస్సెక్కుతరు" అంది. ఆ సందులోనే, వార్తలకు వార్తలకు నడుమ, తన పాత సంగతులూ చెప్పేది. నేను రోడ్డు చూస్తూ సగమే వినేవాణ్ని. వెనక సీటులో ఇంకొకరు పూర్తిగా వింటున్నారన్నది నా లెక్కలోకి రాలేదు.

మైదానంలో నా పని గడియారం చూడటం. నీడ లేని సిమెంటు మెట్ల మీద కూర్చుని, అమ్మాయి కూతకు వెళ్లినప్పుడల్లా ఫోనులో టైం చూసేవాణ్ని. కొన్నాళ్లకు ఫోను అక్కరలేకపోయింది. ఆమె కూత కింది స్థాయిలో మొదలై, బోనస్ గీత దగ్గర పైకి లేచి, ఊపిరి అయిపోవచ్చేసరికి గరగరమనేది, కబడ్డీ కబడ్డీ అనే రెండు మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. లోడు ఎక్కువైన ట్రాన్స్‌ఫార్మరును మూత తీయకుండానే, రొదను బట్టి చెప్పేస్తాం. అదీ అలాంటిదే.

ఆఖరికి ఆటల హాస్టలుకు పిల్లల్ని ఎంపిక చేసే రోజు వచ్చింది. ఆడించేది నాగర్‌కర్నూలులో. సీటు వస్తే అమ్మాయి పదో తరగతి దాకా అక్కడే ఉండాలి, సెలవులకే ఇంటికి. నా భార్య ఎంత గట్టిగా కోరుకుందో చెప్పలేను. పెళ్లి కాకముందు ఆమె కాలేజీ వాలీబాల్ జట్టులో ఉండేది. తర్వాత బంతి ముట్టుకోలేదు. "నా లెక్క ఇంట్ల ఇరుక్కోవద్దు అది" అని దారిపొడుగునా అంది. మా అమ్మ ఆ రోజు వక్క కూడా నమలలేదు. నాకైతే రెండూ కావాలి. పిల్ల గెలవాలి, పిల్ల ఇంట్లో ఉండాలి. ఈ రెండింటినీ కలిపే సర్క్యూట్ ఏదీ నాకు తట్టలేదు.

అమ్మాయి కూతకు వెళ్లింది. కుడిమూల పిల్లను తాకింది, పట్టబోయినవాళ్ల చేతుల కింద నుంచి జారి వెనక్కి తిరిగింది. ఎవరూ ఆమెను పట్టుకోలేదు. నడిగీతకు రెండడుగుల దూరంలో నిలబడిపోయింది. కూత ఆగింది. గరగర లేదు, మాటలు కలవడం లేదు. నిండుకుండ లాంటి గొంతు అలా ఆగింది.

ఎంపికకు వచ్చిన మేడమ్ దగ్గరికి పిలిచి, దమ్ము సరిపోలేదా అని అడిగింది. అమ్మాయి తల ఊపింది. మేడమ్‌కు నమ్మకం కుదరలేదు. మెట్ల మీద ఉన్న నా వైపు తిరిగి, "మీరు టైం జూస్తరంట గద, మీ పీఈటీ సార్ చెప్పిండు. గింతేనా లాగేది? కాదంటే ఇంకోసారి పంపుత" అంది.

అమ్మాయి నన్నే చూస్తోంది. బతిమాలే చూపు కాదు. కూతకు వెళ్లినప్పుడు అవతలివాళ్లు ఏ వైపు కదులుతారోనని చూసే చూపు. పక్కన నా భార్య నా మోచెయ్యి పట్టుకుంది. "చెప్పండి, ఇంకా లాగుతదని చెప్పండి" అంది.

"గింతే మేడమ్" అన్నాను. "గింతే లాగుతది."

నా భార్య నా మోచేతి మీంచి చెయ్యి తీసేసుకుంది.

తిరుగుదారిలో వార్తలు కూడా పెట్టలేదు. చాయ్ కోసం ఒక హోటలు దగ్గర ఆపాను. ఆడవాళ్లిద్దరూ కారు దిగలేదు. అమ్మాయి మాత్రం నా వెంట వచ్చి, బిస్కెట్ల సీసాలు చూస్తూ, నా మొహం చూడకుండా అంది. "నిన్ను హాస్టల్ల ఏసి పోతుంటే గేటు వట్టుకొని నిలవడ్డవంట గద. అవ్వ చెప్పింది. నేను ఆడుత డాడీ. గని ఆడుకొని ఇంటికి రావాలె." ఒక సీసా మూత సరిచేస్తూ, "అమ్మకు చెప్తవా?" అంది.

"చెప్ప" అన్నాను.

ఆ మాట ఇచ్చి ఏడాది కావస్తోంది. నా భార్య కూతురి ఊపిరితిత్తుల్ని అనుమానించి బెల్లం, నువ్వులు, గుడ్లు పెట్టింది. దవాఖానకు కూడా తీసుకెళ్లింది. డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు, దాంతో ఆమె ఇంకా పరేషాన్ అయింది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని తల ఊపాను. నిజం చెబితే కూతురికిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే భార్య ముందు రోజూ టవలు వెతుక్కోవాలి. ఆదివారాలు మటుకు అలాగే సాగాయి. అదే కారు, అదే ఎడమవైపు చల్లగాలి.

వచ్చే ఆదివారం మళ్లీ ఎంపికలు, మళ్లీ నాగర్‌కర్నూలే. వయసును బట్టి మా అమ్మాయికి ఇదే ఆఖరు అవకాశం. నా భార్య కూతురి మోకాలి పట్టీలు ఉతికి ఆరేసింది.

ఇందాక నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మాయి పెరట్లో ఒంటరిగా నిలబడి ఉంది. "డాడీ, ఫోను తీయి. జర టైం జూడు" అంది. ఎందుకని అడగలేదు. కూత మొదలుపెట్టింది. గోడ దాకా పోయింది, తులసికోట చుట్టూ తిరిగింది, పొయ్యి దాటింది. మా అమ్మ కట్టె ఎగదోయడం మాని వింటోంది. నా భార్య పప్పుగుత్తితో గడపలోకి వచ్చింది. కూత ఎక్కడో ఆగింది. పోయినేటి కంటే చాలా దూరమే వచ్చింది. అమ్మాయి మొహంలో ఏమీ లేదు. అది ఊపిరి అయిపోయి ఆగిందా, ఆమె ఆపితే ఆగిందా? పోయినేడు అంత దూరాన మెట్ల మీద నుంచే కనిపెట్టిన నాకు, ఈసారి పక్కనే ఉండి కూడా తెలియలేదు. ఇంకా ఉందా అని నా భార్య నన్నే అడిగింది. తెల్వదు అన్నాను. ఏడాదిలో నేను ఆమెతో చెప్పిన మొదటి నిజం అది.

గడియారం పట్టుకుని గీత బయట కూర్చున్నవాళ్లకు ఎంత గడిచిందో తెలుస్తుంది. ఎంత మిగిలిందో కూత పెట్టేవాళ్లకే తెలుసు.