నేను మూసేసిన నాలుగు వరుసలు

“వాడు ఏం చెట్టు చెప్పినాడు మే?” అన్నాడు మామ.

“సాయంత్రం వచ్చి చెప్తాను. ముందు ఆ గంజి తాగు” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. మొగుడూ పెళ్ళాలు కడసారి మాట్లాడుకునేది ఏ పొలం గురించో, చేసిన తప్పుల గురించో ఉంటుందని అందరూ అనుకుంటారు. మాది ఒక నవలలోని చెట్టు గురించి. అదీ నా చేతులతో నేనే కనిపించకుండా చేసిన చెట్టు. మామ అంటే నా మొగుడే. మా అమ్మకు తమ్ముడు. మా వైపు అట్లాగే ఇచ్చుకుంటారు. (నేను చెప్పేది నా మాటల్లో. రాసేది మా అన్న కూతురు, అది బళ్ళో నేర్చుకున్న మాటల్లో రాస్తుంది. మాటలు దానివైనా ఏడుపు మాత్రం నాదే.)

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తూనే ఉన్నాయి గానీ తెలుగు పుస్తకం ఒక్కటి కొత్తగా కంటబడితే పండగ. మా వీధికి రెండు సందుల అవతల ఒక చిన్న లైబ్రరీ ఉండేది. అందులో నేను ఊడ్చే పని చేసేదాన్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నాలుగు గోడలకూ తమిళ పుస్తకాలు, కిటికీ కింద కన్నడం, తలుపు వెనక ఒకే ఒక్క అర తెలుగు. తలుపు తెరిచి ఉంటే ఆ అర కనిపించదు. తెలుగు పుస్తకం కావాల్సినవాళ్ళు ముందు తలుపు మూయాలి. ఎండాకాలంలో వాళ్ళు తలుపు మూస్తే లోపల ఉన్నవాళ్ళు ఉడికిపోయి తిట్టేవాళ్ళు. లైబ్రరీ సారుది కింద ఎక్కడో తమిళనాడు దక్షిణాన ఒక ఊరు, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను నోరు తెరిచినప్పుడల్లా చెయ్యి ఊపి “మెల్ల, మెల్ల” అనేవాడు. అందుకని ఆయనకు మెల్ల సారు అని పేరు పెట్టుకున్నాను.

నా గొంతు అప్పటికే ఇట్లా తయారై ఉంది. మామ బర్గూరు దగ్గర రాతి క్వారీలో డ్రిల్లు మిషను పట్టినవాడు. ఆ మిషను ఆయన చెవులు తినేసింది, దాని దుమ్ము ఊపిరి తినేసింది. చెవులు పోయిన మొగుడితో కాపురమంటే, ఉప్పు సరిపోయిందా అని అడిగినా వీధి చివరిదాకా వినబడుతుంది. ఊపిరి కూడా పోవడం మొదలయ్యాక క్వారీవాళ్ళు ఇంటికి పంపేశారు. మంచం మీద కూర్చుని రోజంతా ఏం చేస్తాడు? ఎనిమిదో తరగతి దాకా తెలుగు బళ్ళో చదివినవాడు కాబట్టి పుస్తకాలు అడిగాడు. తలుపు వెనక అరలో ఉన్నవన్నీ తెచ్చి ఇచ్చాను. అన్నీ అయిపోయాయి. కొన్ని రెండుసార్లు అయిపోయాయి.

అట్లాంటి ఒక వేసవిలో తెలుగు కట్ట వచ్చింది. గోనెసంచిలో కుట్టి, బస్సు మీద వేసి పంపారు. విప్పితే ముప్పై దాకా కొత్త నవలలు, ఇంకా కిరసనాయిలు లాంటి ఇంకు వాసన పోనివి. మెల్ల సారు ఒక్కోటీ తీసి, ఏది తల, ఏది కాలు అని నన్ను అడిగాడు. నాకు చదువు రాదు గానీ తల ఎటో తెలుసు. రెండో తరగతిలో గుణింతం కొమ్ము దాకా వచ్చి, అక్కడి నుంచి పొలం పనికి పోయినదాన్ని. కొమ్ముకు అవతల ఏముందో నాకు ఈ రోజుకీ సరిగ్గా తెలియదు.

పుస్తకాల మీద ముద్ర కొట్టడం సారు పని, తేదీల చీటీ అంటించడం నా పని. పుస్తకం ఏ రోజు తిరిగి ఇవ్వాలో రాసే చీటీ అది. “కడైసి పక్కం, మేలే ఒట్టుమ్మా” అన్నాడు. అంటే చివరి పేజీలో పైభాగాన అంటించమని. తమిళ పుస్తకాలకు చివర ఎప్పుడూ ఒక తెల్ల కాగితం ఉండేది. ఈ తెలుగు పుస్తకాలు వేసినవాళ్ళు కాగితం దగ్గర పిసినారులు. కథ అయిపోయిన చోటే పుస్తకం అయిపోతుంది, ఆ వెంటనే అట్ట. చివరి పేజీలో పైన నాలుగైదు వరుసలు, కింద అంతా తెల్లగా ఖాళీ. ఆ ఖాళీ నేను చూశాను. చూసి ఆలోచించాను కూడా. కానీ సారు పైన అన్నాడు. సర్కారు పని, మన ఇష్టానికి కింద అంటిస్తే ఎట్లా? అయినా ఇంత లావు పుస్తకంలో నాలుగు వరుసలు మూసుకుపోతే ఎవరికి నష్టం, అనుకున్నాను. (నవ్వింది చాలు, రాయి.) అంటించడంలో నన్ను మించినవాళ్ళు లేరు. మైదాపిండి బంక కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, గుడ్డతో అదిమి అదిమి అంటించాను. నేను అంటించింది పీకితే గోడైనా ఊడి రావాలి గానీ చీటీ రాకూడదు. ముప్పై పుస్తకాలూ రెండు రోజుల్లో ముగించి, తలుపు వెనక అరలో వరుసగా పెట్టి, దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను.

అట్ట మీద బస్సు బొమ్మ ఉన్నది ఒకటి ఏరి మామకు తెచ్చాను. ఆయన గట్టిగా చదివేవాడు, తన మాట తనకు వినబడాలి కదా. రోజుకు నాలుగు పేజీలు, అంతకు మించి ఊపిరి ఆడేది కాదు. ఎదురింటి అక్క చాటతో సహా వచ్చి గడప దగ్గర కూర్చునేది. కథలో ఒక ఆడపిల్ల, చిన్నప్పుడు తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ బస్సులు పట్టుకుని ఊరూరూ తిరుగుతుంది. “వాడు దొరికితే నాలుగు తగిలించల్ల” అనేది అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ. “ముందు దొరకనీవమ్మా!” అని మామ దగ్గు మధ్యలో అరిచేవాడు. పెళ్ళయ్యాక ఆయన అంత సంతోషంగా ఉండడం నేను చూడలేదు. పేజీలు తగ్గేకొద్దీ మనిషీ తగ్గుతున్నాడని నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. ఇద్దరం బియ్యం వైపే చూసేవాళ్ళం.

ఇంతలో లైబ్రరీలో గొడవ మొదలైంది. మొదట వచ్చినవాడు బేరిగై తాత, ఊరి పేరే ఆయన పేరు. వారానికి ఒకసారి మోపెడ్ మీద రోజాపూలు వేసుకుని మార్కెట్టుకు వచ్చి, పోతూ పోతూ ఒక నవల పట్టుకుపోయేవాడు. పుస్తకం బల్ల మీద దబ్బున వేశాడు. “ఏమప్పా సారూ, మూడు దినాలు నిద్ర పాడు చేసుకుని చదివినాను. ఆ పాపకు పెండ్లి అయిందా, లేదా?” అన్నాడు. సారుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. “మెల్ల, మెల్ల” అన్నాడు. “ఏంది మెల్ల? కత్తి పట్టుకుని వాడు తలుపు తీసినాడు. తీసినాక ఏమైంది? ఈడ ఎవుడో కాగితం కొట్టినాడు!” ఆయన వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, చేతుల్లో నా చీటీలు వేసిన పుస్తకాలతో. నేను చీపురు పట్టుకుని బీరువా వెనక్కి పోయాను.

సారు పుస్తకాలన్నీ దింపి, చివరి పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూసి, నుదురు కొట్టుకున్నాడు. నన్ను తిట్టలేదు. “నాన్ దానే మేలే సొన్నేన్” అన్నాడు. పైన అని చెప్పింది నేనే కదా, అని. తిట్టి ఉంటే బాగుండేది. బేరిగై తాత ఓపిక పట్టలేక తన పుస్తకంలో చీటీని పట్టుకుని లాగేశాడు. చీటీతో పాటు అక్షరాలు కూడా పొరగా ఊడి వచ్చి, చీటీ వెనక తిరగబడి కనిపించాయి. తాత దాన్ని పట్టుకుని బయటికి పోయి, మోపెడ్ అద్దంలో చూసి చదవడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు, మీసాలు దువ్వుకుంటున్నాడు కాబోలు అని. కాసేపటికి ఒక కేక, “అయ్యిందప్పా! పెండ్లి అయ్యింది!” నాకు నవ్వు ఆగలేదు. ఆ వేసవిలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఇక లాగితే పుస్తకాలు దక్కవని సారు ఒక పద్ధతి చెప్పాడు. చీటీ మీద తడిగుడ్డ వేసి, ఆరకుండా చూసుకుంటూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాననిచ్చి, అప్పుడు మెల్లగా తీయాలి. ఆయన చెప్పిన మెల్లల్లో పనికొచ్చింది అదొక్కటే. రోజుకు ఒక పుస్తకం, రిజిస్టరు వరుసలో.

ఆ వారమే మామ చివరి పేజీకి వచ్చాడు. ఆడపిల్లకు ఒక మనిషి దొరికాడు. అన్నేనా, కాదా అని అనుమానం. “మన ఇంటి ముందర ఏ చెట్టు ఉండేది?” అని అడిగింది. “అతను నోరు తెరిచాడు” అని చదివి, మామ పేజీ తిప్పాడు. నా చీటీ. ఎదురింటి అక్క “ఏమన్నాడు, ఏమన్నాడు?” అంటోంది. మామ ఆ చీటీని వేలితో తడిమాడు. నాలుగు మూలలూ ఎంత గట్టిగా ఉన్నాయో చూశాడు.

“నువ్వేనా మే?” అన్నాడు.

“నేనే మామా.”

“బాగా అంటించినావు” అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, ఆ దగ్గు చీకటి పడేదాకా ఆగలేదు.

పుస్తకం సారుకు ఇచ్చాను. ఆయన దాన్ని వరుసలో పెట్టాడు. దాని ముందు ఇంకా ఎనిమిది ఉన్నాయి. మాది ముందు తీయండి సారూ, ఇంట్లో మనిషి ఇట్లా ఉన్నాడు అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? నోరు రాలేదు. తప్పు చేసినదాన్ని, వరుస కూడా తప్పాలా అనుకున్నాను. ఇంటికి పోతే మామ రోజుకొక చెట్టు చెప్పేవాడు. ఒకరోజు నిమ్మ, ఒకరోజు జామ. “సీతాఫలం అయ్యుంటాది మే, మన పక్క ఊర్లట్ల ఉంది కథ.” ఒకరోజు మునగ అన్నాడు. అని తానే కొట్టేశాడు. “ఛీ, ఇంటి ముందర మునగ ఎవురు పెడతారు? దయ్యాలు కూచుంటాయి.” అక్క మాత్రం రోజూ వేపే అనేది. ఆవిడకు వేరే చెట్టు తోచదు.

ఆరో రోజు పొద్దున మామ గొంతు బయటికి రాలేదు. పెదవులు చూసి తెలుసుకున్నాను, చెట్టు పేరే అడుగుతున్నాడు. ఈ కథ మొదట్లో చెప్పింది ఆ మాటలే. లైబ్రరీకి పోయి, సారును అడగకుండానే వరుసలో నుంచి మా పుస్తకం లాగి తడిగుడ్డ వేశాను. ఆయన చూసి, నీళ్ళ చెంబు నా వైపు జరిపాడు. ఆ రోజు నేను ఊడ్చలేదు. గుడ్డ ఆరుతుంటే తడుపుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు దాటాక చీటీ ఒక అంచు లేచింది. ఊపిరి బిగబట్టి తీశాను. అక్షరాలు కాగితం మీదే ఉన్నాయి. కానీ చదివేదెవరు? సారుకు తెలుగు రాదు, తలుపు వెనక అర దగ్గర ఆ రోజు ఒక్క మనిషీ లేడు. వేలు పెట్టుకుని నేనే మొదలుపెట్టాను. మకు కొమ్ము ము. తరువాత న. తరువాత గ. ఆ పక్క మాటకు వత్తులూ ఏవేవో ఉన్నాయి, నాకు రాలేదు. అక్కర్లేదు. మునగ.

బయటికి పరిగెత్తాను. ఎక్కడ మరిచిపోతానో అని నోట్లో అదే మాట, మునగ, మునగ. మూడు అక్షరాలు మరిచిపోయేటంత పిచ్చిదాన్ని కాను, అయినా భయం. మార్కెట్టు దగ్గర బేరిగై తాత మోపెడ్ ఆపాడు. “యాడికమ్మా అట్ల పరిగెత్తేది?” అన్నాడు. “మునగ” అన్నాను. ఆయన ఒక క్షణం చూసి, పూలబుట్ట ముందుకు జరిపి వెనక ఎక్కమన్నాడు. “మునక్కాయలు అంత అర్జెంటా తల్లీ?” అని దారంతా అడుగుతూనే ఉన్నాడు. నేను నోరు తెరవలేదు.

ఎదురింటి అక్క మా గడపలో నిలబడి ఉంది. చాట లేదు చేతిలో. అప్పుడే తెలిసింది. ఆడవాళ్ళు అప్పటికే నలుగురు చేరారు. గంజి గిన్నె మూత పెట్టినట్టే ఉంది. నేను పోయి మామ చెవి దగ్గర నోరు పెట్టి, క్వారీలో పిలిచినట్టు గట్టిగా అరిచాను, “మునగ చెట్టు మామా! మునగ చెట్టు!” అందరూ ఏడుపు ఆపేశారు. మొగుడు పోయిన మొదటి నిమిషంలో కూరగాయ పేరు అరిచిన ఆడది అని మా వీధిలో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు కూడా నన్ను అట్లాగే చూపించేవాళ్ళు. ఎదురింటి అక్క ఒక్కతే, చాలా రోజుల తరువాత, “కడాకు వేప కాదా?” అని అడిగింది. ఆవిడకు ఒక్కదానికే అర్థమైంది.

పాత పుస్తకాలు తీసేసినప్పుడు మెల్ల సారు నన్ను పిలిచి ఆ నవల ఇచ్చాడు. ఇన్నేళ్ళకు నిన్న, ఇది రాస్తున్న నా మేనకోడలే మిగిలిన వరుసలు చదివి చెప్పింది. ఇంటి ముందర మునగ ఎవరూ పెట్టరు, వాళ్ళ నాయన ఒక్కడే మొండిగా పెట్టాడు, అందుకే ఆ మనిషి అన్నే అని ఆ పిల్లకు తెలిసిపోయింది. అంటే మామ సరిగ్గానే చెప్పాడు. చెప్పి, కొట్టేసుకున్నాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మీద కోపం రాదు. నోట్లో ఒక మాట పెట్టుకుని, రోజాపూల మధ్య మోపెడ్ వెనక కూర్చుని పోతోంది, పాపం. సాయంత్రం ఇంకా కాలేదు కదా, టైముకే పోతున్నాననుకుంటోంది.

సరేలే అమ్మణ్ణీ, రాసింది చాలు. మొదటి నుంచీ చదువు, వింటాను. చివరి పేజీ వదిలిపెట్టొద్దు. చెట్టు పేరు వచ్చినప్పుడు మాత్రం కొంచెం గట్టిగా చదువు. మీ మామకు చెవులు వినబడవు.