సోడియం మీద బకెట్టు నీళ్లు

మంటలో నెయ్యి పోసి ఎగదోసినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. నీళ్లు పోసి ఎగదోసిన మహానుభావుణ్ణి చూడాలంటే మాత్రం గోదావరిఖని రావాలి. నేనిక్కడే ఉంటాను.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి ఇంట్లో మంచం అరగదీస్తున్న రోజులవి. ఈసారీ ఉద్యోగం రాకపోతే బావ ఎరువుల దుకాణంలో బస్తాలు మోయాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. అప్పుడు ఒక ఇంటర్ కాలేజీలో డెమో క్లాసుకు పిలుపొచ్చింది. బొగ్గుబాయిలో పనిచేసే మా నాయిన ఒకటే సలహా ఇచ్చాడు, పిల్లలకు తెలిసిన ముచ్చటతో చెప్పమని.

వెనక బెంచీలో ప్రిన్సిపాల్. బోర్డు మీద గుమ్మడికాయలంత అక్షరాలతో 'సోడియం మంట మీద నీళ్లు పోయరాదు, ఇసుకే వేయాలి' అని రాశాను. ముందు జాగ్రత్తగా పిల్లలందరినీ కిటికీల వైపు జరిపాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఇక పాఠం మొదలుపెట్టాను.

"షిఫ్టు దిగినంక మీ నాయిన బాయి ల్యాంపు రూముల నెత్తి మీది లైటు, సామాను అప్పజెప్తడు గదా? సోడియం చేతుల ఒక్కటే ఎలక్ట్రాను. గది ఇచ్చేసి ప్లస్ వన్ అయితది, జల్ది ఇంటికి పోతది. కాల్షియం రెండు ఇయ్యాలె. గందుకే జర ఆలస్యం. రెండూ ఇచ్చినంకనే ప్లస్ టూ."

తలలు ఊగాయి. వాళ్లలో సమీనా అనే ఒక మెకానిక్ గారి అమ్మాయి మరీ శ్రద్ధగా రాసుకుంది. కిరోసిన్ సీసాలోంచి సోడియం తీసి, బఠాణీ గింజంత కోసి నీళ్ల తొట్టిలో వేస్తే అది బుసకొడుతూ పరుగెత్తింది. చప్పట్లు. ఆ చప్పట్లకు నేనెంత ఉబ్బిపోయానంటే, మిగిలిన పెద్ద ముక్కను సీసాలో పెట్టడం మరిచి, తొట్టిని ఎత్తి అందరికీ చూపించాను. తొట్టి తొణికింది. బల్ల మీది ముక్క పసుపుపచ్చటి మంటతో లేచింది.

మా కాలనీలో బొగ్గుల పొయ్యి ఎగిసిందంటే ఎవరూ ఆలోచించరు. చెయ్యి దానంతటదే నీళ్ల బకెట్టు మీదికి పోతుంది. నాదీ పోయింది. ఇసుక బకెట్టు ఎడమ పక్కనే ఉంది కానీ, నాది కుడిచేతి వాటం. చెప్పేవి శ్రీరంగనీతులు, పోసేవి బకెట్టు నీళ్లు.

ఢాం అంది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగుకు ఇంకా టైముందే అని గేటు దగ్గర వాచ్‌మన్ గడియారం చూసుకున్నాడట.

మిగిలిన మంట మీద ప్రిన్సిపాలే ఇసుక పోశాడు. పొగ తేలిపోయాక బోర్డు వైపు చూపించాడు.

"గది రాసింది ఎవరు సారూ?"

"నేనే సార్."

బావ దుకాణంలో బస్తాలు కళ్ల ముందు కదిలాయి. ఏడుపొచ్చింది. ఆయన పిల్లల వైపు తిరిగి, పాఠం ఏమన్నా అర్థమయిందా అని అడిగాడు. సమీనా లేచి, నా ముఖాన్ని ఓసారి పరీక్షగా చూసింది.

"అయింది సార్. సోడియం ఒక్కటి ఇచ్చి ప్లస్ వన్ అయింది. సారు కనుబొమ్మలు రెండూ ఇచ్చిండు. ప్లస్ టూ అయిండు."

నుదురు తడుముకున్నాను. నున్నగా తగిలింది. ప్రిన్సిపాల్ కళ్లద్దాలు జారిపోయేదాకా నవ్వాడు.

"పాఠమైతే ఎక్కింది. రేపటి సంది డ్యూటీకి రాండ్రి. సోడియం సీసా పెట్టే బీరువా తాళం మాత్రం నా తాన ఉంటది."

కనుబొమ్మలు మొలిచేదాకా చెల్లెలి కాటుకతో గీసుకుని డ్యూటీకి పోయాను. ఇంట్లో పొయ్యిలోని ఎర్రటి బొగ్గు సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: నేను రాసింది నేనే ఒకసారి చదువుకోకుండా ఈ జన్మలో బకెట్టు ముట్టను. స్నానానికైనా సరే.